తొమ్మిదో సైజు జత

ఆ ఊరికి రెండు జట్లున్నాయి. ఒకటి ఫుట్‌బాల్ జట్టు, కాళ్లుండీ బంతిని తన్నలేనిది. రెండోది వాలీబాల్ జట్టు, చేతులుండీ బంతిని లేపలేనిది. రెండు జట్ల బూట్లూ బాగుచేసేది ఒకే మనిషి. బస్టాండు మేడమెట్ల కింద, నిలబడితే నెత్తి తగిలే గదిలో ముప్పై రెండేళ్లుగా కూర్చుని కుడుతున్నాడు. అందరూ మేస్త్రీ అంటారు. వాలీబాల్ జట్టు గురించి అతను నోరెత్తడు. ఆశ వదులుకున్న చోట తిట్టు కూడా దండగేనని అతని ఉద్దేశం.

ఫుట్‌బాల్ జట్టుని మాత్రం రోజూ తిట్టేవాడు. పొద్దున షట్టరు ఎత్తడం, ముక్కాలిపీట తుడవడం, జట్టుని తిట్టడం. ఆ వరసలోనే.

"పదకొండుమందినీ ఇంటికి పంపించాలి. గ్రౌండుకి తాళం వెయ్యాలి. ఏడాదిపాటు గడ్డి పెరగనివ్వాలి. అప్పుడు కొత్తవాళ్లని తేవాలి. జట్టుని బాగుచెయ్యాలంటే అదొక్కటే దారి," అనేవాడు, పక్క గదిలో వాచీలు బాగుచేసే పెద్దమనిషితో.

"ఆ ఏడాదీ మనం శనివారాలు ఏం చేస్తాం?" అనేవాడు వాచీలాయన, కంటి అద్దం తియ్యకుండానే.

"గడ్డిని చూద్దాం. వీళ్లకన్నా అదే ఎక్కువ కదులుతుంది."

భార్య పోయి నాలుగేళ్లయింది. పరామర్శకి వచ్చి, నాలుగు రోజులు తిని, ఐదో రోజు మొహం చాటేసిన చుట్టాలెవరితోనూ అతను ఇప్పటికీ మాట్లాడడు. మాట్లాడే ఉద్దేశం కూడా లేదు. తన చేత్తో వండుకున్నది తిని, కడుపులో చల్ల కదలకుండా కూర్చుని, ఆరెతో తోలుకి బెజ్జం వేసి మైనం పూసిన దారం లాగుతుంటే ఆ చేతులకి ఒక సుఖం ఉండేది. ఆ సుఖానికి తిట్టు తాళం.

అతను ఊరికే తిట్టేవాడూ కాదు. అతని దగ్గర సాక్ష్యం ఉంది. నెలకోసారి క్లబ్బు వాచ్‌మన్ జట్టు బూట్లన్నీ ఒక గోనెసంచిలో తెచ్చి పడేస్తాడు. అందరివీ ఒకే రకం నల్ల బూట్లు. పేర్లుండవు, సైజు అంకె ఒక్కటే ఉంటుంది. మేస్త్రీ ఒక్కొక్కటీ తిరగేసి అడుగు చూస్తాడు. మడమ అరిగితే వాడు నిలబడి ఉన్నాడు. మునివేళ్ల దగ్గర అరిగితే పరిగెత్తాడు. లోపలి అంచు కోసుకుపోతే ముందుకి పరిగెడుతూ పరిగెడుతూ చప్పున వెనక్కి తిరిగాడు. ఆ సంచిలో ఎక్కువ బూట్లు మడమలే అరిగేవి.

ఒక్క జత తప్ప. తొమ్మిదో సైజు. మునివేళ్ల కింద అడుగుకి ఉండే గుబ్బలు అరిగి నున్నగా అయ్యేవి, లోపలి అంచులు చీలిపోయేవి, కుట్లు తెగి తోలు నోరు తెరిచేది. అది మెరుపు జత అని మేస్త్రీ తేల్చేశాడు. మెరుపు అంటే ఎడమ పక్క ముందు ఆడే కుర్రాడు. ఊరంతా వాడి పేరే అరుస్తుంది. బంతి కాలికి అందితే నిజంగానే మెరుపు. ఆ జత మీద మేస్త్రీ ఎవరూ అడక్కుండానే అదనంగా ఒక వరస కుట్టేవాడు.

సంచిలో ఇంకో తొమ్మిదో సైజు జత ఉండేది. ఎనిమిదేళ్లలో అది మడమ తప్ప ఎక్కడా అరగలేదు. అది బార్లాగాడిది అని కూడా మేస్త్రీయే తేల్చాడు. వాడు ఎడమ పక్కే వెనకాల, గోల్‌కీపర్ ముందు కాపు కాస్తాడు. పగలు కలప డిపోలో దుంగలు మోస్తాడు. ప్రతి మ్యాచ్‌లోనూ అవతలివాళ్లు వాడి పక్కనుంచే దూసుకొచ్చి గోలు కొట్టేవాళ్లు. "బార్లా తీసిన తలుపురా వీడు!" అని మొదట అరిచింది మేస్త్రీయే. ఆ పేరు ఊరంతా అంటుకుంది. బార్లా బూట్లకి మేస్త్రీ పిసినారి కుట్టు కుట్టేవాడు. నిలబడేవాడికి గట్టి కుట్టెందుకు?

భార్య బతికున్నప్పుడు అతనితోపాటు మ్యాచ్‌కి వచ్చేది. ఒకసారి, "ఏమండీ, పాపం ఆ అబ్బాయి మీదికి ఎప్పుడూ ఇద్దరొస్తారేంటి? అతని ముందు మనవాళ్లెవరూ ఉండరే!" అంది.

"నీకు ఆట తెలీదు. ఊరుకో," అన్నాడు మేస్త్రీ.

ఆమె ఊరుకుంది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ ఏడాది జట్టు లీగు పట్టికలో అట్టడుగుకి చేరింది. చివరి స్థానంలో ఉంటే కింది తరగతికి దిగిపోతుంది. దిగిపోతే ఇక క్లబ్బే మూసేస్తామని కమిటీ చెప్పేసింది. కోచ్ ఆ మాట వినగానే రాజీనామా చేశాడు. ఇంకెవరూ ముందుకి రాలేదు. చివరికి ఆడపిల్లల స్కూల్లో ఆటల టీచరు ఒకామె ఒప్పుకుంది. ఆమె మేస్త్రీ కూతురు. ఒక్కతే కూతురు. అతనితోపాటే, అదే రెండు గదుల ఇంట్లో ఉంటుంది.

"నీకేమైనా పిచ్చా? ఇప్పటిదాకా కోచ్‌ని తిట్టాను. ఇక ఎవర్ని తిట్టను?" అన్నాడు మేస్త్రీ.

"నన్నే తిట్టు నాన్నా. ఇంట్లో ఎలాగూ తిడతావుగా, గ్రౌండు దాకా నడక కలిసొస్తుంది."

కూతురు చేతి కింద ఐదు మ్యాచ్‌లాడారు. రెండు గెలిచారు, ఒకటి సమం చేశారు, రెండు ఓడారు. ఇంక ఒక్కటే మిగిలింది. అది ఓడకుండా ఉంటే చాలు, చివరి స్థానం తప్పుతుంది. గురువారం సాయంత్రం ఆమె కాగితం, పెన్సిలు పట్టుకుని తండ్రి ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, ముప్పయ్యేళ్లుగా చూస్తున్నావు. నీ మాట మీద ఒక్కణ్ణి మారుస్తాను. పదకొండుమందినీ అనకు. ఒక్కణ్ణి. ఎవరు?"

"బార్లాగాడు," అన్నాడు మేస్త్రీ, ఊపిరి పీల్చుకునేంత సేపు కూడా ఆగకుండా.

"నాకెందుకో అంత నమ్మకం కుదరట్లేదు. వచ్చి నెలన్నరే అయింది, సరిగ్గా చూడలేదు."

"నేను వాడి బూట్లు ఎనిమిదేళ్లు చూశాను. మడమలు తప్ప అరగలేదు. చేత్తో పట్టుకుని చెప్తున్నా."

బూట్ల మాట వచ్చేసరికి ఆమె మెత్తబడింది. చిన్నప్పట్నుంచీ ఆ గదిలో పెరిగిన పిల్ల. అడుగు చూసి నాన్న చెప్పింది తప్పడం ఆమె చూడలేదు. కాగితం మీద ఒక పేరు కొట్టేసి, కొత్తగా చేరిన చురుకైన కుర్రాడి పేరు రాసింది.

"ఒక్కటడుగుతాను," అంది లేస్తూ. "ఎవరైనా చిరిగిన బూటు తెస్తే పారెయ్యమని ఒక్కసారైనా అన్నావా? పైతోలు బాగుంది, అడుగు మారుద్దాం అంటావు. జట్టు దగ్గరికొచ్చేసరికి అందర్నీ పారెయ్యమంటావేం?"

"బూటుకి పొగరుండదు," అన్నాడు మేస్త్రీ.

శనివారం వాచ్‌మన్ రాలేదు. కూతురు ఫోన్ చేసి సంచి నువ్వే తీసుకురా అంది. మేస్త్రీ సణిగాడు. ఆటగాళ్ల గదిలో అతను ఎప్పుడూ అడుగు పెట్టలేదు. ఓడి వచ్చేవాళ్ల మొహాలు దగ్గర్నుంచి చూడ్డం తన పని కాదనుకునేవాడు. అయినా సంచి భుజాన వేసుకుని వెళ్లాడు.

గదిలో పొడుగాటి బల్లలు, గోడకి మేకులు, తడి తువ్వాళ్ల వాసన. తలుపు వెనక జాబితా అంటించి ఉంది. మేస్త్రీ సంచి బోర్లించాడు. ఒక్కొక్కరూ వచ్చి ఎవరి జత వాళ్లు ఏరుకుంటున్నారు. మెరుపు వచ్చి, తల దువ్వుకుంటూనే, కాలితో ఒక జతని పక్కకి లాక్కున్నాడు. అడుగు పైకి తిరిగింది. మడమలు అరిగి ఉన్నాయి. మిగతాదంతా కొత్త బూటులా నిగనిగలాడుతోంది.

"అది నీది కాదు," అన్నాడు మేస్త్రీ.

"నాది నాకు తెలీదా పెద్దాయనా? ఎనిమిదేళ్లుగా ఇదే అరుగుడు. బూట్లు జాగ్రత్తగా వాడతానని క్లబ్బులో అందరూ మెచ్చుకుంటారు."

అప్పుడు ఒక మొరటు చెయ్యి వచ్చి రెండో జతని తీసుకుంది. దుంగలు మోసి కాయలు కాసిన చెయ్యి. బార్లా. జాబితాలో తన పేరు లేకపోవడం అతను ముందే చూసినట్టున్నాడు. బూట్లు కాళ్లకి తొడగలేదు. దుమ్ము దులిపి, దారాలు ముడేసి, తన సంచిలో పెట్టుకుంటున్నాడు.

"బాబాయ్," అన్నాడు. "అందరికీ ఒక వరసే కుడతావు. దీనికి మాత్రం రెండు. ఎప్పట్నుంచో చెప్దామనుకుంటున్నా. నా కాళ్ల కింద బూట్లు ఆగవు. నీ రెండో వరసే నన్ను ఇన్నాళ్లు ఆడించింది."

మేస్త్రీ కళ్లు ఒక జత మీంచి ఇంకో జత మీదికి వెళ్లాయి.

భార్య అడిగిన మాట ఇప్పుడు అర్థమైంది. ముందున్న మెరుపు వెనక్కి రాడు. బంతి పోతే నడుం మీద చేతులేసుకుని మడమల మీద నిలబడతాడు. వెనకున్నవాడి మీదికి ఇద్దరొస్తారు. వాడు ఒకడి కోసం పరిగెత్తి, తిరిగి, రెండోవాడి కోసం పరిగెడతాడు. అందుకే మునివేళ్లు. అందుకే చీలిన అంచు. అడుగు చెప్పింది నిజమే. ఏ జత ఎవరిదని తను పేరు పెట్టుకున్నదే తప్పు. ఆట తెలీదని తను నోరు మూయించిన మనిషి ఆట చూసింది. తను అరుపులు విన్నాడు.

అన్న మాట వెనక్కి తీసుకోవడం మేస్త్రీకి అలవాటు లేదు. కళ్ల ముందు మనిషి సంచి జిప్పు వేసుకుంటున్నాడు. బయట జనం గ్రౌండు మెట్లెక్కుతున్నారు. ఇంకో అరగంట.

"అమ్మాయ్!" అని కేకేశాడు. గది అంతా అతని వైపు తిరిగింది. కూతురు విజిల్ మెడలో వేసుకుంటూ లోపలికొచ్చింది.

"జాబితాలో తప్పుంది."

"ఎవరిది?"

"నాది."

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. మేస్త్రీ బార్లా సంచిలోంచి జత లాగాడు, మెరుపు జత నేలమీంచి తీశాడు, రెంటినీ బల్ల మీద తిరగేసి పక్కపక్కన పెట్టాడు. ఆమె వేలితో అంచులు తడిమింది. ఒకదాని తర్వాత ఒకటి. ఆమెకి చెప్పక్కర్లేదు.

"ఇదేం చోద్యం?" అన్నాడు మెరుపు. "బూటు అరిగిందని ఆటగాణ్ణి ఎంచుతారా? అయితే పోస్ట్‌మన్‌ని ఆడించండి!"

ఒకరిద్దరు నవ్వారు. కూతురు నవ్వలేదు. జాబితా పీకి కొత్తది రాసింది. బార్లా తన చోటుకి వచ్చాడు. కొత్త కుర్రాడు అతని ముందు, మెరుపు చోట్లో. మెరుపు బెంచీ మీద.

"ఆఖరి మ్యాచ్‌కి నన్ను కూర్చోబెడతారా? బయట జనం ఏమంటారో తెలుసా?"

"తెలుసు. మా ఇంట్లోనే ఒకాయన ముప్పయ్యేళ్లుగా అంటున్నాడు," అంది ఆమె. తండ్రి వైపు తిరిగింది. "నీ పని అయింది నాన్నా. వెళ్లి మెట్ల మీద కూర్చో."

మేస్త్రీ కదల్లేదు. బార్లా ముందు నిలబడ్డాడు.

"ఆ పేరు పెట్టింది నేను," అన్నాడు.

"తెలుసు బాబాయ్. నీ గొంతు నాకు తెలీదా? ఫస్టాఫ్ నేను మెట్ల వైపే ఉంటాగా, ఒక్క తిట్టు కూడా పోదు. సెకండాఫ్‌లో అటు గోడౌన్ గోడ వైపుకి మారతాం. అక్కడెవరూ ఉండరు. హాయిగా ఉంటుంది."

"తప్పయింది."

"కుట్టు బాగుంటే చాలు," అన్నాడు బార్లా, దారాలు బిగించుకుంటూ. అతను క్షమించాడో లేదో మేస్త్రీకి తెలియలేదు. అడగలేదు. తనైతే క్షమించేవాడు కాదు.

మెరుపు బెంచీ మీద ఉన్నాడని తెలిసి మెట్లన్నీ గోల గోల అయ్యాయి. కోచ్‌ని తిట్టారు, కోచ్ తండ్రి పక్కనే ఉన్నాడని మరిచి. వాచీలాయన, "మీ అమ్మాయి ఇవాళ ఊళ్లో తిరగ్గలదా?" అని చెవిలో అడిగాడు.

"ఆట చూడు," అన్నాడు మేస్త్రీ.

చూశాడు. జీవితంలో మొదటిసారి బంతిని వదిలేసి ఒక్క మనిషిని చూశాడు. అవతలివాళ్లు అలవాటు కొద్దీ ఎడమ పక్కకే వచ్చారు. ఈసారి బార్లా ముందు కొత్త కుర్రాడు అడ్డం తిరిగాడు. ఇద్దరికి ఇద్దరు. వచ్చినవాళ్లు బంతి పోగొట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డారు. మళ్లీ వచ్చారు. మళ్లీ పోగొట్టుకున్నారు. ఇరవయ్యో నిమిషంలో మనవాళ్లు ఒక గోలు కొట్టారు. బంతి ఎవడి తలకో తగిలి అనుకోకుండా వెళ్లింది. గోలు గోలే.

విరామంలో మేస్త్రీ లేచాడు. గోలు వెనకనుంచి చుట్టూ నడిచి అవతలికి వెళ్లి గోడౌన్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోడానికి రాయి కూడా లేదు. సెకండాఫ్ మొదలవగానే ఆ వైపుకి వచ్చిన బార్లా అతన్ని చూసి ఠక్కున ఆగాడు.

"ఇక్కడిక్కూడా వచ్చావా బాబాయ్!"

"ముందు చూసుకో! వస్తున్నాడు!"

నలభై ఐదు నిమిషాలూ మేస్త్రీ అరుస్తూనే ఉన్నాడు. "ఎడమ పక్క ఒకడు!" "తొందరపడకు!" "కుర్రాడా, వెనక్కి రా!" తిట్టు ఒక్కటీ లేదు. గొంతుకి అలవాటు లేక మధ్యమధ్యలో బొంగురుపోయింది. చివరి ఇరవై నిమిషాలకి మెరుపు గ్రౌండులోకి దిగాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బంతి కోసం వెనక్కి పరిగెత్తాడు. మేస్త్రీ చూశాడు. మెచ్చుకోలేదు.

అవతలివాళ్ల గోలు నడి మధ్యనుంచి వచ్చింది. గోల్‌కీపర్ చేతుల్లోకి వచ్చిన బంతి, సబ్బులా జారి కాళ్ల సందులోంచి వెళ్లింది. ఒకటి, ఒకటి. తర్వాత ఎవరూ కొట్టలేదు. విజిల్ ఊదారు. చివరి స్థానం తప్పింది. గెలవని మ్యాచ్‌కి ఊరు ఊరంతా గంతులేసింది. బార్లా గ్రౌండు మధ్యలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తూ ఆయాసపడుతున్నాడు. మేస్త్రీకి లోపల ఎక్కడో ఒక పెద్ద ముడి వదులైనట్టయింది. చాలా హాయిగా ఉంది.

ఇంకా వెలుగుండగానే తండ్రీ కూతురూ ఇంటికి నడిచారు. ఆమె చెప్పులు చేత పట్టుకుని గడ్డి అంచున నడుస్తోంది. మూడో వీధి మలుపులో మేస్త్రీ ఇక ఉండబట్టలేకపోయాడు.

"ఆ గోల్‌కీపర్ని మార్చాలి. వాడివి చేతులు కావు, తెడ్లు."

"మార్చను."

"వచ్చే ఏడాది కూడా వాడేనా? అయితే ఈసారి నిజంగానే దిగిపోతాం. రాసుకో."

"నాన్నా, మంగళవారం ప్రాక్టీసు పెట్టాను. వచ్చి ఆ మాట వాడి మొహం మీదే చెప్పు. వాడేమంటాడో కూడా విను."

మేస్త్రీ పది అడుగులు ఆలోచించాడు.

"ఎన్నింటికి?" అన్నాడు.