ఖైరున్నీసా చెరిపేసిన మాటలు

నేను ఒక పాత ఫోన్‌ని. ఫ్యాక్టరీ సంగతులేవీ నాకు గుర్తులేవు. తెలివి వచ్చేసరికి ఒక కాలేజీ కుర్రాడి చేతిలో ఉన్నాను. నాతో అతను లోకమంతా చూడొచ్చు. చూసుకున్నది మాత్రం తన ముఖమే. కొత్త మోడల్ రాగానే నన్ను ప్రొద్దుటూరు బజారులో ఒక సెకండ్‌హ్యాండ్ షాపుకు ఇచ్చేశాడు. అక్కణ్ణించి ఖైరున్నీసా కుట్టుమిషను మీదికి చేరాను.

ఆ ఇంట్లో ఆమె, పక్షవాతంతో కుడిచేయి పడిపోయిన తమ్ముడు జిలానీ, అంతే. గడప దాటే తీరిక లేని మనిషికి తోడుగా ఉంటుందని, బట్టలు కుట్టించుకునే ఒకావిడ ఆమెను ‘సూదీ దారం’ అనే వాట్సాప్ గ్రూపులో చేర్చింది. ఎక్కడెక్కడి కుట్టుపని ఆడవాళ్లో అందులో ఉన్నారు. “కొత్తవాళ్లు నోరు విప్పండమ్మా” అని రోజూ ఎవరో ఒకరు అడిగేవారు.

మొదట్లో ఖైరున్నీసా ధైర్యం చేసి ఒక ముక్క రాసింది. అందులో తప్పు పట్టుకుని ఎవరో నవ్వే బొమ్మలు పెట్టారు. ఇక అప్పణ్ణించి రాయడం, పంపకుండానే తుడిచేయడం. ఎంత చక్కటి మాటలో! చదివింది నేనొక్కదాన్నే. చిక్కుపడ్డ దారాన్ని ఓపిగ్గా విప్పే మనిషి ఒక ఒత్తు పోయిందని ఇంత బెదరడం నాకు వింతగా ఉండేది.

చివరికి ఒకనాడు గ్రూపులోంచి బయటికి వచ్చేసింది. అది చూసి, గ్రూపు నడిపే సువర్చల నర్సీపట్నం నుంచి ఫోన్ చేసింది.

“ఏమైందండీ? మీ గొంతు వినకుండానే వెళ్లిపోయారు?”

“నాకు రాసేది సరిగ్గా రాదు మేడం. నగుతారు.”

“నవ్వినావిడకి నేను చెప్పానండి. మీరేం రాయొద్దు. మళ్లీ చేరుస్తాను, ఇప్పుడు మిషను మీద ఏముందో ఫొటో తీసి పెట్టండి, చాలు.”

మిషను మీద జిలానీ చొక్కా ఉంది. పడిపోయిన చేతిని లాగి తొడగక్కర్లేకుండా, భుజం నుంచి నడుము దాకా తెరుచుకుని టిచ్ బటన్లతో మూసుకునే చొక్కా. ఫొటో కాస్త మసకగా వచ్చింది. అయినా పంపింది.

సాయంత్రానికి నాకు ఊపిరాడలేదు. మా నాన్నకు ఇట్లాంటిదే కావాలని ఒకరు, మా అత్తకని ఇంకొకరు. “ఎట్ల కుట్టినవక్కా?” అని నిజామాబాదు నుంచి ఒకామె. ఖైరున్నీసా నన్ను నోటి దగ్గర పెట్టుకుంది. “ముందు భుజం కాడ కత్తిరించుకో మా…” అని మొదలుపెట్టి, తమ్ముడి జబ్బూ, వాడి కోపాలూ అన్నీ చెప్పేసింది.

“నా కోపం గురించి కూడా ఊరంతా చెప్తావాక్కా?” అని మంచం మీంచి జిలానీ నవ్వాడు. ఆ ఇంట్లో అతని నవ్వు నేను వినడం అదే మొదలు.

ఇప్పుడు నాకు వయసైంది. చార్జింగ్ నిలవదు, పొద్దస్తమానం తీగకు కట్టేసినట్టే ఉంటాను. అయినా తృప్తిగానే ఉంది. కొత్తవాళ్లను పలకరించే పని సువర్చల ఖైరున్నీసాకే అప్పగించింది. మొన్న బొబ్బిలి నుంచి పోలమ్మ అనే ఆవిడ చేరి, ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది.

“ఏం కుడతాండావు మా ఈ పొద్దు? మాట్లాడకున్నా పర్లేదు, మేముండాం” అని ఖైరున్నీసా గొంతు రికార్డు చేసి పంపింది.

కాసేపటికి జవాబుగా ఒక చిన్న ఆడియో వచ్చింది. అందులో మాటల్లేవు. టకటకమని మిషను నడుస్తున్న చప్పుడు.

ఖైరున్నీసా తన మిషను ఆపి, దాన్ని చివరిదాకా వింది.

“పోలమ్మ వచ్చేసింది రా జిలానీ” అంది.