నూటయెనుబది దినముల లెక్క

జూలైమాసమున నొక నిర్మలప్రాతఃకాలమందు తుహినధవళములగు గిరిశిఖరములపై బాలాతపము కుంకుమచ్ఛాయను వెలయించుచుండగా ఒక యూరపు నగరపు విమానాశ్రయమున స్ఫటికకుడ్యములగుండ ప్రసరించిన కాంతి నానాదేశప్రయాణికుల ముఖములను సమానముగా దీపింపజేయుచుండెను.

ఆ జనపంక్తిలో అనంతపురమండలవాసినియు తోలుబొమ్మలాటయందు ప్రవీణురాలునగు ఖండే యశోదమ్మయు మృదంగవాదకుడగు నామె తమ్ముడు మారుతిరావును నిలిచియుండిరి. జనవరి పదవతేదీ మొదలు పదునొకండు దినములును మరల మే మొదటితేదీ మొదలు నేటివఱకు నెనుబదియొక దినములును వారు పోర్చుగల్లు ఫ్రాన్సు ఇటలీ జర్మనీ మొదలగు దేశములలో రామకథను తెరపై నాడించి ఆబాలవృద్ధమును అబ్బురపఱచిరి.

ఆ దేశములన్నిటికిని వీసా యొక్కటియే. ఏ దినమునుండి వెనుకకు నూటయెనుబది దినములు లెక్కించినను వానిలో తొంబదికి మించి యచట నుండరాదు. ఒక దేశము వీడి వేఱొకదానికి బోయినంతమాత్రమున లెక్క మరల మొదలుకాదు. వచ్చిన దినమును వెడలు దినమును గూడ లెక్కలోనివే.

రెండు దినములకు పూర్వమే వారు బయలుదేరవలసియుండగా ఒక వైద్యశాలలోని రోగపీడితశిశువులు మఱియొక యాట కోరిరి. మారుతిరావు భీతిల్లెను. యశోదమ్మ పంచాంగపుపుటలవలె క్యాలెండరు పుటలు వెనుకకు ద్రిప్పి వేలితో దినములెన్ని ఆట యాడుటకే నిశ్చయించెను.

ఇపుడు సరిహద్దు పరీక్షాధికారి పాస్‌పోర్టులలోని ముద్రలను వరుసగా గూడి కనుబొమలు ముడిచి "మీరు తొంబదిరెండు దినములుంటిరి. రెండు దినము లధికము. ఇక కొన్నేండ్లు మీకు ప్రవేశము నిషేధింపబడవచ్చును" అని యాంగ్లమున బలికెను. రాబోవు వత్సరమున బొమ్మలాట నేర్ప రమ్మని యొక విద్యాలయము వారు చేసిన యాహ్వానము యశోదమ్మ చేతిసంచిలోనే యుండెను.

మారుతిరావు అక్కవైపు దిరిగెను. "అక్కా, చెప్తే ఇన్న్యావా? ఆ పొద్దే పొయ్యింటే ఈ యవస్థ ఉండేదా? చేతులు జోడించి అడుక్కుందాం పా."

"తప్పు చేసింటే అడుక్కుందుంలే మారుతీ. లెక్క నా తావ ఉండాది. నువ్వు గమ్మున నిలబడు" అని యామె తమ్ముని భుజముపై జేయివైచి తనకు వచ్చిన కొలది యాంగ్లమున తొట్రుపాటు లేక యధికారితో నిట్లనెను.

"అయ్యా, నేడు జూలై యిరువదవతేదీ. నేటితో జేర్చి వెనుకకు నూటయెనుబది దినము లెన్నుడు. ఎచట నాగుదురో చెప్పుడు."

అతడు కొంత విసుగుతో నెన్న నారంభించి జనవరి యిరువదిరెండవతేదీకడ నాగెను.

"మేము జనవరి యిరువదవతేదీననే వెడలిపోతిమి. ఆ పదునొకండు దినములును నేటి లెక్కలో జేరవు. మావి యెనుబదియొక దినములే. నడుమ నేనాడును తొంబది దాటలేదు. అదియు జూచుకొనుడు."

అధికారి రెండవమాఱెన్నెను. మూడవమాఱు యంత్రముపై నెన్నెను. పిదప తలయెత్తి "అమ్మా, పొరపాటు నాది" అని లేచి నిలిచి రెండు పాస్‌పోర్టులలోను ముద్రలు వేసి రెండుచేతుల నందిచ్చెను. మారుతిరావు అక్క చేతిసంచిని తానందుకొనెను.

వారు గడప దాటునంతలో వెనుకవరుసలో నిదియంతయు గమనించుచుండిన యొక యపరిచితవనిత, ఏ దేశస్థురాలో యే భాషాభాషిణియో గాని, వడివడిగా వచ్చి తన పాస్‌పోర్టును విప్పి యశోదమ్మ ముందు చాచెను. ఆమె కన్నులలో భయము కలదు. యశోదమ్మ విమానమునకు గల వ్యవధిని జూచుకొని చేరువనున్న బల్లపై గూర్చుండి యా వనితను ప్రక్కన గూర్చుండబెట్టుకొని క్యాలెండరు దెఱచి మొదటి ముద్రపై వేలుంచెను.