విప్పేసిన పూసలు

ఊడ్చిన దుమ్మును పళ్ళెంలోకి ఎత్తుకుని, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని అందులోంచి పూసలేరుతోంది తల్లి. ఆవగింజంత పూసలు. అవి ఆమె కళ్ళకు ఆనడం మానేసి చాలా కాలమైంది. వేలికొసతో నిమిరి, గరుగ్గా తగిలితే మట్టి, నున్నగా తగిలితే పూస అని పోల్చుకుంటుంది. పూసలిచ్చి ఇళ్ళలో దండలు గుచ్చించుకునే సరుకాయన, సాయంత్రం షెడ్డులో ఆ దండల్ని తూకం వేస్తాడు. తూకం తగ్గితే కూలి కోస్తాడు. నేలపాలైన పూస కూడా ఆయన తూకంలో పూసే.

గోడకానుకుని కూతురు సూదుల్లో దారం ఎక్కిస్తోంది. ఒకటో తరగతి పిల్ల. ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారు. దారం కొసను పెదాల మధ్య తడిపి, చూడకుండానే బెజ్జంలోకి పంపి, కొసన ముడివేసి, ఆ సూదిని గుడ్డ దిండుకు గుచ్చుతుంది. తల్లి చూపు మసకబారినప్పటి నుంచి ఈ పని పిచ్చుకదే. బడి నుంచి వచ్చాక తనూ ఒక దండ గుచ్చుతుంది. సాయంత్రం దండలన్నీ సంచిలో పెట్టుకుని షెడ్డుకు చేరవేసేదీ అదే. తండ్రి పోయాక తల్లికీ, పిల్లకూ, నాయనమ్మకూ ఆ పూసలే తిండి.

ఆ రోజు తల్లిని బడికి రమ్మని టీచరమ్మ కబురు చేసింది. ఏం కొంపలు మునిగాయని పని మధ్యలో పిలిచిందో అని నాయనమ్మ సణిగింది. అయినా తల్లి చేతులు కడుక్కుని పిచ్చుక వెంట బయల్దేరింది.

తరగతి గుమ్మంలోనే ఆగిపోయింది. పిల్లలు చాపల మీద గుంపులు గుంపులుగా కూర్చున్నారు. ఒక గుంపు మట్టి ముద్దలు చేస్తోంది. ఇంకో గుంపు గింజల్ని రంగుల వారీగా వేరుచేస్తోంది. కిటికీ దగ్గర పిల్లలు రేగిపండంత చెక్క పూసల్ని దారానికి గుచ్చుతున్నారు. ఇక్కడా పనేనా అనుకుంది తల్లి. ఇంతమంది పసివాళ్ళు గుచ్చిన సరుకు ఎవరికి పోతుంది? కూలి ఎవరి చేతికి వస్తుంది? కడుపులో ఉంచుకోలేక అడిగేసింది.

“ఇవి ఎవరికిస్తారు టీచరమ్మా?”

తనకంటే చిన్నదైన టీచరమ్మ నవ్వింది. “ఎవరికీ ఇవ్వమమ్మా. ఇది ఆట. గుచ్చుతూ గుచ్చుతూ లెక్కలు నేర్చుకుంటారు. అయిపోయాక విప్పేసి డబ్బాలో పోస్తాం, రేపు మళ్ళీ ఆడుకోవడానికి.”

తర్వాత గొంతు తగ్గించి నిన్నటి సంగతి చెప్పింది. అందరూ దండలు విప్పారు గానీ పిచ్చుక విప్పలేదట. అది వేసిన ముడి టీచరమ్మ గోళ్ళకు లొంగలేదట. పోనీలే అని కత్తెరతో కత్తిరిస్తే, పూసలు జారుతున్నంతసేపూ పిల్ల గుక్కపట్టి ఏడ్చిందట, సరిగ్గానే గుచ్చాను కదా, సరిగ్గానే గుచ్చాను కదా అంటూ. ఇంట్లో ఎవరైనా కొడతారేమో కనుక్కుందామని పిలిచానంది.

తల్లి అడ్డంగా తల ఊపింది. ఇంట్లో ఎవరూ కొట్టరు. కానీ కత్తెర సంగతి ఆమెకు తెలుసు. అది సరుకాయన జేబులో ఎప్పుడూ ఉంటుంది. దండలో ఒక్క పూస వరస తప్పినా ఆయన తిట్టడు, అరవడు, కత్తిరించి బుట్టలో పోసేస్తాడు. ఆ రాత్రి నాయనమ్మ తనకు ఆకలి లేదంటుంది. దండలు మోసుకెళ్ళేది పిచ్చుకే కాబట్టి ఆ కత్తెర చప్పుడు ముందుగా వినేది పిచ్చుకే.

టీచరమ్మ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని పూసల డబ్బా జరిపింది. “ఇవాళ నీకిష్టమొచ్చింది చెయ్యి బంగారం. ఏదైనా సరే.”

పక్కనున్న పిల్లాడు తన దండను పాములా ఆడిస్తూ బుసకొడుతున్నాడు. ఇంకో పిల్ల పూసలు చెవులకు వేలాడేసుకుని తల ఊపుతోంది. పిచ్చుక డబ్బాలో చెయ్యి పెట్టింది గానీ ఒక్క పూసా తియ్యలేదు. కాసేపు చూసి తల్లివైపు తిరిగింది.

“ఏ రంగు కావాలన్నారమ్మా?”

టీచరమ్మ మొహంలో నవ్వు అలాగే నిలిచిపోయింది. ఎవరూ ఏ రంగూ అడగలేదని, నీకే రంగు కావాలో చెప్పమని ఆ పిల్లతో అనడానికి తల్లికి నోరు రాలేదు. ఆ మాట ఆమెతో కూడా ఎప్పుడూ ఎవరూ అనలేదు.

ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ నవ్వింది. “గుడ్డి గుర్రానికి పళ్ళు తోమినట్టుంది మీ టీచరమ్మ పని. గుచ్చడమెందుకు, విప్పడమెందుకు? ఆ కూర్చునేదేదో షెడ్డులో కూర్చుంటే కూలైనా వస్తుంది.” చిన్న వేళ్ళు కావాలని సరుకాయన ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు. నాయనమ్మ కఠినురాలేం కాదు. సూది పట్టీ పట్టీ ఆమె వేళ్ళు ఎప్పుడో కొంకర్లు పోయాయి. “నీ కళ్ళు పూర్తిగా పోయాక ఏం తింటామే? అక్షరాలు నానబెట్టుకు తాగుతామా?” అంది.

తల్లి పిచ్చుక వైపు తిరిగింది. రేపట్నుంచి సూదులు తనే ఎక్కించుకుంటానని, వాటిని ముట్టుకోవద్దని చెప్పింది.

తెల్లారి దిండు చేతిలోకి తీసుకుని తడిమింది. సూదులన్నిటికీ దారాలున్నాయి. కొసన ముడులున్నాయి.

పిచ్చుక అప్పటికే సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. “నీకు కనపడదు కదమ్మా. అందుకే నువ్వు లేవకముందే ఎక్కించేశా.”

“నా బంగారు తల్లి. దానికున్న బుద్ధి నీకేది?” అంది నాయనమ్మ.

తల్లి దిండును ఒళ్ళో పెట్టుకుంది. ఇవాళ ఈ సూదులతో గుచ్చితే రేపూ ఇంతే. ఎల్లుండి షెడ్డు. మొదటి సూదిలోంచి దారం లాగేసింది. రెండో దాంట్లోంచీ లాగింది. ఏం చేస్తున్నావే అని నాయనమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. నువ్వేం తప్పు చెయ్యలేదు తల్లీ అని చెప్పాలనుకుంది. చేతులు ఆగితే మళ్ళీ కదలవేమోనని భయమేసింది. ఒక్కో దారం జారి నేలమీద పడుతుంటే పిచ్చుక పెదాలు కదిలాయి. ఏడవలేదు. ఆఖరి దారం పడేదాకా చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, మెట్టు దిగి వెళ్ళిపోయింది.

తల్లి గుమ్మంలోకి పరుగెత్తింది. వీధి చివర కుడివైపు తిరిగితే బడి, ఎడమవైపు తిరిగితే షెడ్డు. నీలం గౌను మసకమసగ్గా కొంతదూరం కదిలింది, చిన్నదైంది, వీధి చివరికి చేరింది. అక్కడ ఎటు తిరిగిందో ఆమె కళ్ళకు ఆనలేదు.