ఏడో నిమిషం

"ఫోను మాట్లాడటం కూడా రాకపోతే ఎలాగమ్మా?" అంది అత్తయ్య.

చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని మధ్యాహ్నం డబ్బాల మూతలు బిగిస్తున్నాను. అవతల మా బడిలో పిల్ల, పిచ్చుక వాళ్లమ్మ "మేడమ్, ఉన్నారా? మేడమ్!" అని అరుస్తోంది. "ఉన్నానమ్మా, చెప్పండి" అని ఆరుసార్లన్నాను. ఆమె మాట నాకు ఖంగుమని వినిపిస్తోంది, నాది ఆమెకు చేరడం లేదు. చివరికి విసుక్కుని పెట్టేసింది. మళ్లీ చేస్తే మొదట బాగానే ఉంటుందని నాకు తెలుసు. మాట్లాడుతూ ఉండగా ఎక్కడో నా గొంతు మాత్రమే తెగిపోతుంది. రెండు నెలలుగా ఇదే వరస.

"మా అందరి ఫోన్లూ బాగానే ఉన్నాయి. నీ ఒక్కదానికే ఎందుకిలా అవుతుంది?" అన్నాడు మా ఆయన, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. ఫోను గురించి అడిగినట్టు లేదు, నా గురించి అడిగినట్టుంది. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో కుళాయి కారినా, ఫ్యాను ఆగినా, తలుపు గొళ్లెం ఊడినా ముందు నా చేతులవైపు చూడటం అలవాటు. నేను కూడా చూసుకుంటాను. అదే నాకు ఒళ్లు మండే సంగతి. ఎవరూ ఏమీ అనకముందే, నేనేం చేసి ఉంటానా అని వెతుక్కోవడం మొదలుపెడతాను.

పుట్టుకతో వినపడని పిల్లలకు మాట నేర్పే బడిలో పని చేస్తాను. "పిల్లలతో ఆడుకునే ఉద్యోగం లెండి" అని మా ఆయన నలుగురిలో పరిచయం చేస్తాడు. నిరుడు ఒక నాలుగేళ్ల పిల్ల వచ్చింది, చెవి వెనక మిషన్ పెట్టించుకుని. కాసేపు కూడా కుదురుగా కూర్చోదు, చేతులు రెక్కల్లా ఆడిస్తూ గదంతా తిరుగుతుంది. అందుకే పిచ్చుక అని పిలుస్తాం. మొదటి నెల ఆ పిల్ల నోటినుంచి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. ప్రతి క్లాసునూ నా ఫోనులో రికార్డు చేశాను. నాలుగో నెలలో "మ" వచ్చింది. ఏడో నెలలో ఒక రోజు నేను ఇచ్చిన బొమ్మను విసిరికొట్టి, స్పష్టంగా "నాకొద్దు" అంది. నేనూ వాళ్లమ్మా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. అది విని పిచ్చుక భయపడి తనూ ఏడ్చింది. ఆ ఏడుపు కూడా రికార్డింగులో ఉంది.

మా మూడు బళ్లకూ కలిపి ఒక పెద్ద టీచర్‌ని తీసుకుంటున్నారు. ఆ ఉద్యోగం కావాలంటే, ఒక పిల్లకు మాట ఎలా వచ్చిందో మొదటినుంచి గొంతుతో సహా చూపిస్తూ రిపోర్టు ఇవ్వాలి. "నువ్వే రాయాలి, నీ దగ్గరున్నట్టు ఇంకెవరి దగ్గరా లేదు" అంది మా పెద్ద మేడమ్. ఈ సంగతి మా ఆయనకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "ఊఁ" అన్నాడు. ఫోనులోంచి రికార్డింగులు తీద్దామంటే, వైరు పెడితే ఛార్జింగ్ ఎక్కుతుందే గానీ బడి కంప్యూటర్‌కి అసలు ఫోనే కనిపించదు. మైకు చెడినప్పుడే అదీ చెడింది. నెట్‌లో పంపుదామంటే ఏడాది రికార్డింగులు, అంత పెద్దవి వెళ్లవు.

సర్వీస్ సెంటర్‌కి అప్పటికి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి కౌంటర్‌లో అమ్మాయి ఒక్క నిమిషం మాట్లాడి చూసి, "బాగానే ఉంది కదా మేడమ్" అంది. కొంచెంసేపు మాట్లాడాక పోతుందంటే, "ఇక్కడ పోవడం లేదు కదా" అంది. రెండోసారి ఆపి మళ్లీ ఆన్ చేసి ఇచ్చారు. మూడోసారికి నేను ఇంట్లో గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టి వెళ్లాను. ఏడో నిమిషంలో పోతోంది, అంతసేపు పరీక్షించండి అని చెప్పాను. "అంత టైమ్ ఎవరికుంటుంది మేడమ్, వెనకాల ఎంతమంది ఉన్నారో చూడండి" అంది. తర్వాత గొంతు తగ్గించి, "వంటింట్లో వాడతారా? తడి తగిలిందేమో. తడి తగిలితే వారంటీ రాదు" అని నా చేతులవైపు చూసింది. నా వెనక నిలబడ్డ పెద్దమనిషి ఫోను నీళ్లలో పడిందట, తనే చెప్పుకుంటున్నాడు. అతన్ని మాత్రం ఎక్కడ వాడతారని అడగలేదు.

పిచ్చుక వాళ్లమ్మ ఫోను పెట్టేసిన ఆ పొద్దునే నాలుగోసారి వెళ్లాను. మర్నాటితో వారంటీ అయిపోతుంది. ఫోను వాళ్ల దగ్గర వదిలి, ఫారం మీద నా చేత్తో రాశాను: "నన్ను అడగకుండా ఏదీ చెరపకూడదు." కింద గీత కూడా గీశాను. ఫోను వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి కబురు చెప్పడానికి ఇంకో నంబరు కావాలన్నారు. మా ఆయన నంబరు ఇచ్చాను.

మధ్యాహ్నం క్లాసులో ఉండగా బడి ఫోనుకి ఆయన ఫోన్ చేశాడు. మంచి హుషారుగా ఉన్నాడు.

"నీ ఫోను సంగతి తేల్చేశాను. మొత్తం చెరిపేసి కొత్తగా సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారట. కానివ్వండి అన్నాను."

"ఎప్పుడన్నారు?"

"ఇప్పుడే, పది నిమిషాలైంది. అదేంటి, థాంక్స్ అయినా చెప్పవా?"

ఫోను పెట్టేసి సర్వీస్ సెంటర్‌కి చేశాను. "మీ కాల్ మాకెంతో విలువైనది" అంది మిషను. ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, సంగీతం వినిపించింది, మళ్లీ ఒకటి నొక్కమంది. రిసీవర్ అక్కడే వేలాడదీసి, పక్క టీచర్‌కి క్లాసు అప్పజెప్పి బయటపడ్డాను. బస్సులో కూర్చోలేకపోయాను. సీట్లు ఖాళీగా ఉన్నా డ్రైవర్ వెనక నిలబడ్డాను, నేను నిలబడితే బస్సు తొందరగా వెళ్తుందన్నట్టు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక నెల పోయినట్టనిపించింది. ఇక్కడ "మ" పోయింది. ఇక్కడ ఆ ఏడుపు పోయింది.

"టోకెన్ తీసుకోండి మేడమ్" అన్నాడు గుమ్మం దగ్గర మనిషి. తీసుకోలేదు. కౌంటర్ పక్కనుంచి లోపలికి ఒక తలుపుంది, సిబ్బందికి మాత్రమే అని రాసి ఉంది. బతుకులో అలాంటి రాత ఉన్న తలుపు ఎప్పుడూ తోయలేదు. తోశాను. లోపల వరసగా బల్లలు, దీపాలు, పొట్టలు విప్పిన ఫోన్లు. మూడో బల్ల మీద నాది. దాని ముందు నుదుటి మీద భూతద్దం పెట్టుకున్న నడివయసు మెకానిక్, చెయ్యి కీబోర్డు మీద.

"ఆపండి!"

ఆ అరుపు నాదేనని ఒక క్షణం పోల్చుకోలేదు. అతను రెండు చేతులూ గాల్లోకి ఎత్తాడు. "ఇంకా నొక్కలేదమ్మా."

కౌంటర్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, మీరిక్కడికి రాకూడదు. సార్ ఓకే చెప్పారు."

"ఏ సార్?"

"మీ సార్."

"ఫోను నాది. ఆ ఫారం మీద ఏం రాశానో చదవండి."

ఫారం తెచ్చారు. నా అక్షరాల మీద గుండ్రటి స్టాంపు వేసి ఉంది. కింది గీత మాత్రం కనిపిస్తోంది. ఆ అమ్మాయి ఫారం పక్కకు జరిపింది. "ఇది ఎక్కించడానికి మా సిస్టమ్‌లో చోటు లేదు మేడమ్. అయినా ఇప్పుడు మీరు వద్దంటే, కస్టమర్ నిరాకరించారని పడుతుంది. రేపటి తర్వాత మాకు సంబంధం ఉండదు." కౌంటర్ ఫోనులో మా ఆయనకు కలిపి నాకిచ్చింది.

"అక్కడికెందుకెళ్లావ్?" అన్నాడు. "వాళ్లు మంచిగా చేస్తామంటుంటే గొడవేంటి? పోయేవేంటి, ఆ పిల్లల అరుపులేగా? మళ్లీ రికార్డు చేసుకో."

మళ్లీ రికార్డు చేసుకోవడం. మొదటి నెల గాలిని మళ్లీ ఎక్కడినుంచి తేను? ఆ పిల్ల ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలుస్తోంది. మాట రాని పిల్లను మళ్లీ నాకెవరిస్తారు? ఇదంతా ఆయనకు విడమరిచి చెప్పాలని నోటిదాకా వచ్చింది. పదకొండేళ్లుగా చేస్తున్నదదే, విడమరచడం. చుట్టూ ఇంతమంది నిలబడి ఉండగా, నా పని పనేనని ఇంకోసారి రుజువు చేయబుద్ధి కాలేదు.

"తర్వాత మాట్లాడతాను" అని పెట్టేసి, మెకానిక్‌వైపు తిరిగాను. "ఏడో నిమిషంలో నా మాట పోతుంది. ఇప్పుడు, నా ముందు పరీక్ష చేయండి."

"ఏడో నిమిషమా?" అతను పాత రసీదులు మూడూ తిరగేశాడు. మూడింటి మీదా లోపం కనిపించలేదు అనే ఉంది. "ఇది నాకెవరూ చెప్పలేదే." భూతద్దం నుదుటి మీదినుంచి తీసి బల్ల మీద పెట్టాడు. "కానివ్వండి, చూద్దాం."

కౌంటర్ అమ్మాయి అక్కడి ఫోను రిసీవర్ చెవికి పెట్టుకుని బయట కూర్చుంది. నేను లోపల నా ఫోనుతో. ఆపకుండా మాట్లాడాలి. రెండు నిమిషాలు ఫిర్యాదే చెప్పాను. మూడో నిమిషానికి మాటలు అయిపోయాయి. ఇంక నాకు వచ్చింది ఒక్కటే. "ప, బ, మ" అని మొదలుపెట్టాను. "అమ్మ. బంతి. బంతి ఏది? బంతి ఇవ్వు." పక్క బల్లల వాళ్లు నవ్వుకున్నారు. గుమ్మంలో టోకెన్లు పట్టుకున్న జనం తొంగిచూస్తున్నారు. చెవులు వేడెక్కాయి. నాలుగైంది. ఐదైంది. "వినపడుతోంది మేడమ్" అంటూనే ఉంది ఆ అమ్మాయి. ఆరు దాటింది. చేతిలో ఫోను వెచ్చబడుతోంది. ఇప్పుడు గనక ఇది బాగా పనిచేస్తే నేనేం కావాలి? ఒక వస్తువు చెడిపోవాలని అంతగా ఎప్పుడూ కోరుకోలేదు. "బంతి ఏది? ఇదిగో బంతి. బంతి నాది."

"హలో?" అంది ఆ అమ్మాయి. "మేడమ్? మాట్లాడుతున్నారా?"

మాట్లాడుతూనే ఉన్నాను. ఆ అమ్మాయి రిసీవర్ బల్ల మీద పెట్టి లోపలికొచ్చి, కదులుతున్న నా పెదాలను చూసి ఆగిపోయింది. "నిజంగానే వినపడటం లేదు" అంది, ఎవరితోనో కాదు, తనతో తనే.

మెకానిక్ ఫోను విప్పి భూతద్దంలో చూశాడు. "వేడెక్కగానే లోపల అతుకు వదిలేస్తోంది. వైరు పనిచేయకపోవడం కూడా దానివల్లే. బోర్డు మార్చాలి." కాస్త ఆగి, "చెరిపినా పోయే రోగం కాదమ్మా ఇది" అన్నాడు.

అంటే అన్నీ పోయి, ఫోను కూడా బాగుపడేది కాదు. లోపం ఉందని, వారంటీలోనే బయటపడిందని, తడి తగల్లేదని రాసి ఇమ్మన్నాను. రాసి సంతకం పెట్టాడు. ఫోను చల్లబడ్డాక, వైరు పెట్టే చోటు వదిలేసి బోర్డుకే నేరుగా తన మిషను తగిలించి, రికార్డింగులన్నీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. ఆ అమ్మాయి నేను అడగకుండానే సంప్రదించాల్సిన నంబరు కొట్టేసి, బడి నంబరు అడిగింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి కబురు నాకంటే ముందే చేరింది. "అంతమంది మగాళ్ల మధ్యకు జొరబడి కేకలేశావట" అంది అత్తయ్య. "అవును అత్తయ్యా, వేశాను" అన్నాను. ఆమె ఇంకేదో అనబోయి, నా మొహం చూసి, టీవీ గొంతు పెంచుకుంది.

మా ఆయన గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. పోట్లాటకు నేను సిద్ధంగా ఉన్నాను. "సరే, నిన్ను అడగాల్సింది" అన్నాడు. "ఇంతకీ ఏమున్నాయి అందులో?"

ఆయన అలా అడగడం ఇదే మొదటిసారి. "వినండి" అని కంప్యూటర్‌లో మొదటి రికార్డింగు పెట్టాను. గాలి. రెండోది, గాలి. మూడోది, గాలి చివర చిన్న కీచు. ఆయన తల వంచుకుని వింటున్నాడు. ఈ మనిషికి తెలియజెప్పడానికి ఇంత కష్టపడక్కర్లేదేమోనని, ఒక్కసారి ఆశ కూడా పుట్టింది. నాలుగోది మొదలయ్యాక ఆయన ఫోను మోగింది. "ఒక్క నిమిషం" అని లేచి వసారాలోకి వెళ్లాడు.

ఇంతకుముందైతే ఆపేదాన్ని. ఆయన వచ్చేదాకా వేలు మీట మీద పెట్టుకుని, తలుపువైపు చూస్తూ కూర్చునేదాన్ని.

రిపోర్టు కాగితం దగ్గరకు లాక్కుని, పైన నా పేరు రాసి, ఐదోది పెట్టుకున్నాను.