గ్లోరియా పేరున ఒక వాగ్దానం

పద్మారావు నగర్‌లో గ్లోరియా ఇంటి ముందుగది సాయంత్రం అయ్యేసరికి చెప్పులతో నిండిపోయేది. బేగంపేటలో అద్దాల మేడ ఒకటి లేచింది. అందులోని కంపెనీకి మెక్సికో నుంచీ పెరూ నుంచీ ఫోన్లు వస్తాయి. ప్రింటర్ పనిచేయడం లేదనో, సిరా అయిపోయిందనో అక్కడివాళ్లు స్పానిష్‌లో మొత్తుకుంటే, ఇక్కడి పిల్లలు స్పానిష్‌లోనే ఓదార్చాలి. ఆ ఓదార్పు నేర్పడానికి కంపెనీ గ్లోరియాను పెట్టుకుంది. షిఫ్టు బస్సు వీధి చివర ఆగుతుంది కాబట్టి పాఠాలు ఇంట్లోనే. పిల్లలు వస్తూనే "బ్వేనస్ తార్దెస్ ఆంటీ" అంటే, గ్లోరియా తల్లి రోసమ్మ "వందనాలు బాబూ, కూర్చోండి" అని టీ పెట్టడానికి వెళ్లేది.

గ్లోరియాకు ప్రింటర్ల మీద ప్రేమేమీ లేదు. తార్నాకలో ఆ భాష చదువుకున్నప్పుడే ఆమె కవిత్వంలో పడిపోయింది. పాతవాళ్ల కవిత్వం కాదు. ఇప్పుడు బతికి ఉండి, ఇప్పుడు రాస్తున్నవాళ్లది. లీమాలోనో మాంటెవిడియోలోనో ఎవరో నిన్న రాసి ఇంటర్నెట్టులో పెట్టింది ఈవేళ నెట్ సెంటర్లో కూర్చుని చదివి, ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ కూడా అదే గొణుక్కునేది. పెళ్లి సంబంధాలు తెచ్చేవాళ్లు ఆ గొణుగుడు చూసి మరో ఇల్లు వెతుక్కునేవాళ్లు. దానికి రోసమ్మ ఏడ్చేది, గ్లోరియా ఏడ్చేది కాదు.

అసలు సంగతి డిసెంబరులో మొదలైంది. వీళ్ల సంఘంలో ఏడాది చివరి రాత్రి ఆరాధన ముగిశాక వాగ్దాన కార్డులు తీయడం ఆచారం. చుట్టూ పూల అంచున్న చిన్న అట్టముక్క మీద ఒక బైబిలు వాక్యం ఉంటుంది. కళ్లు మూసుకుని పళ్లెంలోంచి ఒకటి తీసుకుంటే, కొత్త సంవత్సరానికి దేవుడు ఆ మనిషికి చెప్పిన మాట అదే. కార్డు బైబిల్లో దాచుకుంటారు. ఊళ్లో లేని కొడుక్కీ, పురిట్లో ఉన్న కోడలికీ వాళ్ల పేరున ఇంట్లోవాళ్లే తీస్తారు. ఆ కార్డులు వేయించే పని గ్లోరియా తండ్రి యెషయాది. రైల్వే బడిలో పంతులుగా చేసి రిటైరైన మనిషి. వాక్యాలు ఏరి, రెజిమెంటల్ బజార్‌లో అచ్చువేయించి, ఇంటికి తెచ్చి చెయ్యి పెట్టి ప్రార్థన చేసి గానీ గుడికి పంపడు.

ఆ ఏడు అచ్చువేయని అట్టలు కొన్ని మిగిలితే గ్లోరియా తీసుకుంది. ఒక్కో దాని మీద ఒక్కో స్పానిష్ కవితా పంక్తి రాసింది. పిల్లలు పాఠానికి ముందు ఒకటి తీసి బిగ్గరగా చదివితే నోరు తిరుగుతుందని ఆమె ఉద్దేశం. గుడి కార్డుల పళ్లెం, ఈ కార్డుల పళ్లెం రెండూ ఒకే బల్ల మీద ఉన్నాయి. కళ్లజోడు లేకుండా వచ్చిన యెషయా రెండింటి మీదా చెరో చెయ్యి పెట్టి, ఇవి ఎవరికి చేరితే వారి జీవితంలో నెరవేరాలని కన్నీళ్లతో ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. గ్లోరియా కూడా అంది.

అంతే, ఆ పంక్తులు నెరవేరడం మొదలుపెట్టాయి.

పక్క సందులోంచి పాఠానికి వచ్చే దేవకృప "నా వంటింట్లో ఒక నది నిద్రపోతోంది" అన్న కార్డు తీసింది. ఆ వారంలోనే వాళ్ల పొయ్యిగట్టు కింద నది వచ్చి పడుకుంది. నల్లా రాని రోజుల్లో వీధి వీధంతా బిందెలతో వాళ్లింటి ముందు నిలబడేది. నది నిద్ర చెడుతుందని దేవకృప తల్లి అందర్నీ మెల్లగా ముంచుకోమనేది. "నా నీడకు ఆకలేస్తోంది" అన్నది యశ్వంత్‌కి వచ్చింది. పాపం, అతను రెండు క్యారేజీలు మోసుకుని ఆఫీసుకి వెళ్లేవాడు. ఇవన్నీ చూసి పద్మారావు నగర్ ఏమీ ఆశ్చర్యపోలేదు. ప్రార్థన చేసిన కార్డు నెరవేరకపోతేనే ఆశ్చర్యపోవాలని రోసమ్మ అనేది.

తర్వాత రామ్మోహనరావు వంతు వచ్చింది. టీమ్ లీడరు, ఇద్దరు పిల్లల తండ్రి. "అద్దంలోకి నా ముఖం ఆలస్యంగా వస్తోంది" అన్నది తీశాడు. మొదట్లో అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. గడ్డం గీసుకోవడానికి నిలబడితే ముఖం కాసేపాగి, నిద్రకళ్లతో వచ్చేదట. రానురాను ఇంకా ఆలస్యం చేసింది. ఒకనాడు అసలు రాలేదు. ఆయన అద్దాలన్నిటికీ దుప్పట్లు కప్పించాడు. భార్య చేత గడ్డం గీయించుకుని పాఠానికి వచ్చేవాడు గానీ, అద్దాల కిటికీ ఉన్న వైపు కూర్చునేవాడు కాదు. అప్పటినుంచి పళ్లెం బయటికి రాగానే గదిలో మాటలు ఆగిపోయేవి.

సరిగ్గా అలాంటప్పుడే గ్లోరియా తనకు అన్నిటికన్నా ఇష్టమైన కవితను పాఠంలో చెప్పింది. రాసినావిడ సైనికులకు భయపడి దేశం వదిలి పారిపోయి, ముసలితనంలో తిరిగి వచ్చిన మనిషి. ఆ కవితలో ఒక పంక్తి, "తిరిగి వచ్చేసరికి ఇల్లు నా పేరు మరిచిపోయింది." పిల్లలకు అర్థమైంది. అర్థమయ్యాక ఎవరూ నోట్సు రాసుకోలేదు. అది కూడా పళ్లెంలో ఉందా మేడం అని యశ్వంత్ అడిగాడు. ఉందంది గ్లోరియా.

ఆ రోజు అందరూ వెళ్లాక కన్నబాబు ఆగిపోయాడు. తుని దగ్గరి కుర్రాడు. తండ్రి పోయాక తల్లి లోవమ్మను తెచ్చి వారాసిగూడలో ఒక గదిలో పెట్టుకున్నాడు. ఆవిడకు ఈ ఊళ్లో కొడుకు ముఖం తప్ప ఇంకేమీ తెలీదు.

"మేడం, ఆ ఒక్క కార్డూ తీసేయండి," అన్నాడు.

"అది కవిత కన్నబాబూ."

"కవితే మేడం. నాకొస్తే మాయమ్మ నన్ను గుర్తుపట్టదు. తలుపు తీసి ఎవరు బాబూ నువ్వు అంటాది. అప్పుడావిడ ఎక్కడికి పోద్ది?"

గ్లోరియా మనసు కరగలేదని కాదు. కానీ ఆమెకు ఒక పట్టుదల ఉంది, దాన్ని న్యాయమనుకునేది. ఆ కవయిత్రి ఇల్లు పోగొట్టుకుని ఆ మాట రాసింది. భయమేసిందని మనం అవతల పారేస్తే ఆవిడను మళ్లీ గడప బయట నిలబెట్టినట్టే కదా. కన్నబాబుతో ఇదే చెప్పింది. అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. పాఠం మానేస్తే ఉద్యోగం పోతుంది, అందుకని మర్నాడూ వచ్చాడు.

లోపలి గదిలోంచి ఇదంతా విన్న యెషయా అన్నం దగ్గర ఆ మాట కదిపాడు.

"విలాపవాక్యాల గ్రంథం బైబిల్లో ఉందమ్మా. నా కార్డుల మీద ఎప్పుడైనా చూశావా?"

"లేదు. భయపడి వదిలేస్తారు నాన్నా మీరు."

"భయం కాదు, జాలి. గుడికొచ్చేవాళ్లలో ఎవరు ఏం మోస్తున్నారో నాకేం తెలుసు?"

గ్లోరియా లేచి చెయ్యి కడుక్కుంది.

తర్వాతి పాఠంలో కన్నబాబు పళ్లెంలో చెయ్యి పెట్టాడు. పెదాలు కదులుతున్నాయి, లోవ తలుపులమ్మకు మొక్కుకుంటున్నాడని అందరికీ తెలుసు. వచ్చింది వేరే కార్డు. "నా గొంతులో నిమ్మచెట్టు పూసింది" అని. చదివి అతను గోడకు ఆనుకుని, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. గది నిండా నిమ్మపూల వాసన వేసింది. గ్లోరియా ఆ ముఖం చూసి నిజంగా సిగ్గుపడింది. ఒక పంక్తి కోసం ఒక మనిషిని ఇంత ఏడిపించానా అనుకుంది. అందరూ వెళ్లగానే ఇల్లు మరిచిపోయే ఆ కార్డు తీసి చింపేద్దామని పళ్లెం ముందు కూర్చుంది.

కార్డు లేదు.

పళ్లెం బోర్లించింది. బల్ల కింద, చాప కింద వెతికింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. అందరూ తమ కార్డులు తీసి చదివి వినిపించారు. ఎవరి దగ్గరా లేదు. ఎవరో తీసుకుని నోరు మూసుకున్నారని ఆమెకు అనుమానం. ఎవరింట్లో తలుపు తీసి ఎవరు నువ్వంటారో అని భయంతో ఆ వారమంతా సరిగ్గా తినలేదు.

ఆదివారం పొద్దున గుడికి బయలుదేరుతూ బైబిలు తెరిస్తే కార్డు అందులో ఉంది.

రోసమ్మ జడకు రిబ్బను కట్టుకుంటూ తాపీగా చెప్పింది. "నేనే తీశానే నీ పేరున. ఊళ్లో పిల్లలందరికీ నువ్వు వాగ్దానాలు పంచుతున్నావు, నా బిడ్డకి ఒక్కటీ లేదే అనిపించింది. ప్రార్థన చేసి మరీ తీశా. ఏముందే అందులో?"

కూతురికి ఒక మంచి మాట దక్కాలని తల్లి చేసిన పని అది. ఆ అక్షరాలు ఆవిడకు రావు. గ్లోరియా కార్డు మూసేసింది.

"మంచిదే అమ్మా. ఇంటి గురించి."

"చూశావా," అంది రోసమ్మ సంతోషంగా.

ఆ ఆదివారం గ్లోరియా గుడికి వెళ్లలేదు. తిరిగి రావాలంటే ముందు వెళ్లాలి కదా. వెళ్లకపోతే సరి. గేటు దాటడం మానేసింది. తండ్రికి మాత్రం కార్డు చూపించి అర్థం చెప్పింది. ప్రార్థన వెనక్కి తీసుకోవడం ఆయనకు రాదు. పక్కింటి కనకలక్ష్మికి మోకాళ్ల నొప్పులు. అయినా గోడ మీదుగా కూరగాయలు అందించేది. ఏంటమ్మా ఇంట్లోనే ఉంటున్నావు అని మాత్రం అడిగేది కాదు, యెషయా చెప్పగా ఆవిడకు తెలుసు. పాఠాలు ఎలాగూ ఇంట్లోనే. పళ్లెం బయటికి తీయడం మానేసింది. ఇలా ఎన్నాళ్లయినా ఉండొచ్చనే ధైర్యం గ్లోరియాకు మెల్లగా వచ్చింది. చదవడానికి కవిత్వం లేకపోవడం ఒక్కటే లోటు, నెట్ సెంటరు రోడ్డుకి అవతల.

కానీ ఇంట్లో ఒకరు వెళ్లకపోతే ఇంకొకరు వెళ్లాలి. బయటి పనులన్నీ రోసమ్మ మీద పడ్డాయి. ఆవిడకు షుగరు.

ఒక పొద్దున యెషయా తిరుమలగిరిలో ఎవరిదో భూస్థాపనకు వెళ్లాడు. రోసమ్మ ఏమీ తినకుండా రెజిమెంటల్ బజార్‌కి వెళ్లింది, స్త్రీల కూటానికి పాటల కాగితాలు అచ్చుకిచ్చి వస్తానని. కాసేపటికి ప్రెస్సు ఆయన ఫోన్ చేశాడు.

"మేడం, మీ అమ్మ మా దుకాణం కాడ కూసున్నది. జెర పరేషానున్నది. చెమటలు పడుతున్నయ్, మాట సుత తడబడుతున్నది. తొందరగ రాండ్రి."

గ్లోరియా తండ్రికి ఫోన్ కొట్టింది. సమాధుల దగ్గర ఆయన ఫోను ఆపేసి ఉంది. కనకలక్ష్మి తలుపుకి తాళం. పిల్లలంతా షిఫ్టులో ఉన్నారు. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది, వెనక్కి తిరిగి ఇంటిని చూసుకుంది. ముందుగది, చాపలు, తన గది కిటికీ. తర్వాత పరిగెత్తింది.

ప్రెస్సు పక్కనున్న డాక్టరు గ్లూకోజు ఎక్కించి, షుగరు పడిపోయింది, ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేది, తీసుకెళ్లి పడుకోబెట్టండి అన్నాడు. ఆటోలో రోసమ్మ కూతురి భుజం మీద తల పెట్టుకుంది. నువ్వు రాకపోతే ఏమైపోయేదాన్నే గ్లోరియా అని దారి పొడుగునా అంటూనే ఉంది. గ్లోరియా ఆ పేరు వింటూ కూర్చుంది. ఆటో ఇంకా నెమ్మదిగా పోతే బావుండుననిపించింది.

గేటు ముందు ఆటో ఆగాక ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. అమ్మను ఇక్కడ దించేసి తాను వెళ్లిపోతే సరిపోతుంది. ఎక్కడున్నా ఈ ఇంటికి తన పేరు గుర్తుంటుంది. అమ్మ తలుచుకుంటుంది, ఫోన్ చేస్తుంది, తిడుతుంది. అది చాలు.

"అమ్మా, నువ్వు లోపలికెళ్తావా? నాకు చిన్న పనుంది."

"దించేసి పోకే తల్లీ. కాళ్లు ఆడటం లేదు," అంది రోసమ్మ. మెట్ల మీద పట్టు దొరక్క ఆవిడ చెయ్యి గాల్లో వెతికింది.

గ్లోరియా ఆ చెయ్యి పట్టుకుంది. నడుం చుట్టూ చెయ్యి వేసి మెట్లు ఎక్కించింది. ఇద్దరూ కలిసి గడప దాటారు. మంచం మీద పడుకోబెట్టి, దిండు సరిచేసి, ఫ్యాను వేసింది.

రోసమ్మ కళ్లు తెరిచి ఆమెను చూసింది. ఆ చూపులో కృతజ్ఞత ఉంది, మర్యాద ఉంది.

"మీరెవరో గానీ అమ్మా, దేవుడు పంపినట్టు వచ్చారు. కూర్చోండి, నిలబడ్డారేంటి?"

గ్లోరియా కూర్చుంది. తన గది తలుపు తెరిచే ఉంది. లోపల మడిచిన బెంచీలు, స్త్రీల కూటం చాపలు గోడకు ఆనించి ఉన్నాయి. మంచం లేదు.

యెషయా వచ్చాడు. భార్య చెప్పిందంతా విని ఆమెకు చేతులు జోడించి, ఏ సంఘం అమ్మా మీది అని అడిగాడు. అప్పుడే ఇంటికొచ్చిన కనకలక్ష్మి గోడ మీదుగా కేకేసింది, "గ్లోరియా, అమ్మకెలా ఉందే?" అని. పక్కింటికి ఏమీ మరిచిపోయే పని లేదు. అడిగాక గ్లోరియా ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

"గ్లోరియానా మీ పేరు?" అంది రోసమ్మ. "చాలా మంచి పేరు. ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టాలని ఈయనతో అంటుండేదాన్ని. మాకు దేవుడు ఇవ్వలేదు."

యెషయా భార్య భుజం తట్టాడు. వచ్చినవాళ్లను ప్రార్థన చేయకుండా పంపడం ఆ ఇంట్లో లేదు. రోసమ్మ ఓపిక చేసుకుని లేచి కూర్చుంది. తలమీద కొంగు వేసుకుని, వద్దంటున్నా వినకుండా గ్లోరియా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి ఇంకా చల్లగానే ఉంది.

"ప్రభువా, ఈ బిడ్డ ఎవరి బిడ్డో మాకు తెలీదు, నీకు తెలుసు. నన్ను ఇల్లు చేర్చింది. ఈమె కోసం ఎదురుచూస్తున్న తల్లి దగ్గరికి ఈమెను కూడా క్షేమంగా చేర్చు తండ్రీ."

యెషయా ఆమెన్ అన్నాడు. గ్లోరియా కూడా ఆమెన్ అని, లేచి చెప్పులు వేసుకుంది.