ఎడమచెవిలోని నాదము

గ్రీష్మము తన కడపటి యూపిరిని బిగబట్టి నిలిచిన జ్యేష్ఠమాసమున నొక సాయంకాలము. పడమటి కొండల వెనుకకు జారుచున్న సూర్యబింబము విశాఖపట్టణపు సాగరజలములపై రాగిరేకులు పఱచినట్లు కాంతిని వెదజల్లుచుండగా రేవులోనికి పిలుపు రాక వెలుపల లంగరు దించుకొనియున్న నౌకలు తమ నీడలపై తామే యూగుచు విసుగుతో నిరీక్షించుచుండెను. ఇనుపఖనిజమును మోయు యంత్రపట్టాల యెడతెగని ఘర్ఘరధ్వానమును నౌకానిర్మాణశాలలోని సమ్మెటల లోహనిర్ఘోషమును దొండపర్తి వైపునుండి కదలివచ్చు గూడ్సుబండ్ల దీర్ఘనిశ్శ్వాసములును ఒండొంటితో పెనగొని ఆ మహానగరము కునుకుపట్టని మనుష్యునివలె పొర్లుచున్నదా యనిపించుచుండెను. గాలి లేదు. వాన లేదు. వచ్చునన్న యాశ మాత్రము మేఘముల యంచులయందు నల్లగా వ్రేలాడుచుండెను.

ఆ సమయమున పెదవాల్తేరులోని యొక మేడపైన గోడలకు దూదిపరుపులు తాపడము చేసి కిటికీలు బిగించిన చిన్నగదిలో బొడ్డేపల్లి వారిజాక్షి యను ముప్పదియైదేండ్ల స్త్రీ కూర్చుండుటయు లేచుటయు మరల కూర్చుండుటయు దక్క వేఱు పనిని చేయనేరక యుండెను. పూర్వమామె యొక కళాశాలలో భౌతికశాస్త్రము బోధించెడిది. నాదతరంగములను నల్లబల్లపై గీయుటతో తృప్తిపడజాలక యా యుద్యోగమును విడిచి నాదమునే వృత్తిగా చేపట్టెను. వీణనుగాని వేణువునుగాని యామె పట్టి యెఱుగదు. విద్యుత్తును స్వరముగా మార్చు సింథసైజరులును అలుపెఱుగక తాళము వేయు డ్రమ్‌మెషినును లాప్‌టాపును ఆమె వాద్యములు.

ఈ సాధనయందామెకు సహచరుడు మరడాన జెకర్యా. ఆమెకంటె కొంత చిన్నవాడు మితభాషి మృదుస్వభావుడు. దొండపర్తిలోని యొక ప్రార్థనామందిరమున కీబోర్డు వాయించు తండ్రియొద్ద బాల్యముననే స్వరములు నేర్చి తండ్రి మరణానంతరము తానే యచ్చట వాయించుచుండెను. వారిజాక్షిని అక్కా యని పిలుచును. ఆమెకున్న తొందర యతనికి లేదు. అతనికున్న నిదానమామెకు లేదు. కావుననే వారిరువురి సంగీతము బ్రతికి బట్టకట్టినది.

ఆ యేడు వారు మూడు ఆల్బములను ఒక్కమారుగా వెలువరింప సంకల్పించియుండిరి. మొదటిది 'సమ్మెట'. అది టెక్నో. గుండె యదరునట్లు సమగతితో ఎడతెగక పడు తాళము దానికి ప్రాణము. నౌకానిర్మాణశాల ప్రక్కన నిలిచి పట్టితెచ్చిన లోహధ్వనులతో వారిజాక్షి దానిని నిర్మించెను. రెండవది 'గతుకు'. అది ఎలక్ట్రో. విఱిగిన తాళముతో రాతిబాటపై బండివలె ఎగిరెగిరిపడు నా సంగీతమును ఇరువురును కలసి కూర్చిరి. మూడవది 'ఆవిరి'. అందు తాళమే లేదు. ఉదయమున సముద్రముమీదినుండి లేచు మంచువలె ఒక స్వరము మఱియొక స్వరములో కరగిపోవుచుండును. అది ముఖ్యముగా జెకర్యా సృష్టి. జర్మనీదేశమందలి యొక చిన్న సంస్థ మూడింటిని ప్రపంచమంతట విడుదల చేయుట కంగీకరించియుండెను. వారిజాక్షి బహువత్సరములుగా కలగన్న యవకాశమది.

అయినను ఆమె మనస్సు కుదురుగా లేదు. చైత్రమాసమున బెంగుళూరులో నొక పెద్ద కచేరి చేసి వచ్చిన మఱునాటి యుదయమున ఆమె యెడమచెవిలో నొక సన్నని నాదము మేల్కొనెను. తీగవలె సన్నమై సూదివలె వాడియై ఉచ్ఛ్వాసనిశ్శ్వాసముల విరామమైనను లేక అది మ్రోగుచునే యుండెను. నేడో రేపో పోవునని యనుకొనెను. పోలేదు. వీధి రద్దీలో నది కొంత యణగియుండును గాని తలుపు మూసికొన్నంతనే తన సింహాసనమును తానెక్కును. కావున ఆమె గదిలో పంకా తిరుగవలెను. కుళాయి పాఱవలెను. ఏదియు లేనప్పుడు తానే కాళ్ళతో నేలను తాటించుచుండవలెను. సంగీతము చేయువారికి నిశ్శబ్దము కాగితమువంటిది. ఆ కాగితముపై నెవ్వరో ముందుగనే గీత గీసిపోయిరి.

చెవివైద్యురాలు పరీక్షించి చెప్పిన మాటలు కఠినములు. ఆ చెవి పైస్థాయి స్వరములను చాలవఱకు గ్రహింపజాలకున్నదనియు పోయినది తిరిగి రాదనియు పెద్దశబ్దములకు దూరముగా నుండనిచో మిగిలినదియు నిలువదనియు ఆమె తెలిపెను. మ్రోత తగ్గునా యని వారిజాక్షి యడుగగా కొందఱికి తగ్గును కొందఱు దానితో కలిసి బ్రదుక నలవాటుపడుదురు అని బదులు వచ్చెను. వారిజాక్షి యా మాటలను చెవిలోనే పాతిపెట్టెను. జెకర్యాకు చెప్పినచో అతడు పని నాపివేయునని భయము. పని యాగినచో తానేమగునో యన్న భయము దానికంటె పెద్దది.

దాచిన దోషము పనిలో బయటపడక మానదు. తనకు వినబడని పైస్వరములు సంగీతములో తక్కువైనవని భ్రమించి ఆమె 'సమ్మెట'లో వాటిని దినదినమును పెంచుచు పోయెను. ఆమెకు నిండుగా తోచినది యితరులకు గాజుపెంకులవాన. ఆ జ్యేష్ఠసాయంకాలమున జెకర్యా హెడ్‌ఫోన్లు తీసి చెవులు రుద్దుకొని మెల్లగా పలికెను.

"అక్కా, ఈ పైస్వరం ఇంటుంటే చెవిలో సూది గుచ్చినట్టుంది. కొంచెం తగ్గిద్దాం."

ఆమె తగ్గింపననెను. అతడు మఱల నడిగెను. పని నిమిత్తము గదిలో పంకా నాపియుండిరి. మ్రోత పెచ్చుపెరిగియుండెను. ఆమె ముఖమును త్రిప్పుకొని ఏనాడు ననరాని మాట ననెను.

"ప్రార్థన పాటలకి అలవాటైపోయిన చెవి నీది. నీకిది ఎక్కదులే."

జెకర్యా తన తీగలను చుట్టుకొనుచు "అయితే నేనెందుకక్కా ఇక్కడ?" అని మాత్రమడిగి సమాధానమునకై వేచియుండక మెట్లు దిగిపోయెను. ఆమె పిలువలేదు. పిలువవలెనని నోరు తెఱచినమాట నిజమే గాని యా క్షణమున తన గొంతుకంటె చెవిలోని మ్రోతయే తనకు బిగ్గరగా వినబడెను.

అహంకారము తొందరకు తోడైనచో విచారమునకు తావెక్కడిది. ఆమె యొంటరిగనే 'సమ్మెట'ను ముగించి సంస్థకు పంపెను. కొలదిదినములలో అక్కడినుండి ఫోను వచ్చెను. మాటలాడిన యువతి మర్యాదస్తురాలు. తాళము మహాద్భుతముగా నున్నదని మెచ్చుకొని తమ కార్యాలయమున నెవ్వరును మొదటి పాటను పూర్తిగా వినలేక చెవులు మూసికొనిరనియు అట్లు బాధించుట ఉద్దేశపూర్వకమా యనియు సంకోచించుచు నడిగెను. ఉద్దేశపూర్వకమే యని వారిజాక్షి తడబడక చెప్పెను. చెప్పి ఫోను పెట్టివేసి గదిలో నీ గోడనుండి యా గోడకు తిరుగసాగెను.

మఱునాటి యుదయమున ఆమె భౌతికశాస్త్రోపన్యాసకురాలై తన పాట యెదుట కూర్చుండెను. స్వరములలో నేది యెంత యున్నదో గీతలుగా చూపు పరికరమును లాప్‌టాపుతెరపై తెఱచెను. మంద్రస్వరములు మెట్టభూములవలె నుండెను. మధ్యస్వరములు చదునుగా నుండెను. కుడికొసన తనకు దాదాపు శూన్యముగా వినబడుచున్న స్థలమున నొక భయంకరమైన పర్వతము నిటారుగా లేచి నిలిచియుండెను. దానిని నిర్మించినది తానే. ఆమె చాలసేపు దానివంక చూచుచు తన చెవి తనతో పలుకుచున్న దబద్ధమని గ్రహించెను. మాయమైనది వినికిడి మాత్రమే కాదు. తమ్ముని వంటివాడు నిజము చెప్పి యవమానింపబడి పోయెను.

శనివారము మధ్యాహ్నము ఆమె దొండపర్తికి పోయెను. ప్రార్థనామందిరములో గాయకబృందము ఆదివారపు పాటలు సాధన చేయుచుండెను. లోనికి పోవ జంకి ఆమె వరండాలో పచారు చేయుచుండగా జెకర్యా తల్లి ఎస్తేరమ్మ చూచి లోనికి రమ్మనకయే కుర్చీ తెచ్చివేసి మంచినీళ్ళిచ్చి పోయెను. సాధన ముగిసి యందఱును వెడలినపిదప ఆమె లోనికేగి అతని కెదురుగా నిలిచెను.

"నా ఎడమ చెవి పాడైపోయింది జెకర్యా. నీకు చెప్పకుండా దాచీసాను. నువ్వన్నదే నిజం. నేనన్న మాట తప్పు."

అతడు కీబోర్డుపై గుడ్డ కప్పుచున్నవాడు అట్లే యాగిపోయెను. ఎన్నాళ్ళనుండి యని యడిగెను. చెప్పెను. వైద్యురాలేమనెనని యడిగెను. అదియు చెప్పెను. కోపపడునేమో యని యామె చూచెను. అతని కన్నులలో కోపము లేకపోలేదు గాని దానికి ముందు వేఱొకటి వచ్చెను.

"ఎలాగుంటాదక్కా ఆ చప్పుడు?"

"ఎలా చెప్పను? చెప్తే తెలిసేదైతే ఎప్పుడో చెప్పీదాన్ని."

జెకర్యా సంచిలోనుండి తన చిన్న సింథసైజరును తీసి హెడ్‌ఫోన్లను ఆమెకిచ్చి ఒకే యొక స్వరమును మెల్లగా పైకెత్తసాగెను. ఇంకను పైకి అని యామె చేతితో సైగ చేసెను. మీట తిరిగెను. ఇంకను పైకి. పిమ్మట దాటిపోయినదని తల యూచెను. అతడు వెండ్రుకవాసి వెనుకకు త్రిప్పెను. మఱికొంత బిగ్గరగా చేసెను. అకస్మాత్తుగా ఆమె యతని చేతిని పట్టుకొనెను. వెలుపలి స్వరమును లోపలి స్వరమును ఒకదానిపై నొకటి సరిగా కూర్చుండి ఏది యెవరిదో తెలియకపోయెను.

"అదే," అనెను. "అదే."

అతడు హెడ్‌ఫోన్లు తీసికొని శబ్దమును తగ్గించి తాను వినెను. కొంతసేపు వినెను. దానిని భరించుచు కూర్చున్న యతని ముఖము పాలిపోవుచుండుట ఆమె చూచెను.

"పొద్దస్తమానూ ఇదేనా అక్కా?"

ఆమె తల యూచెను. ఇంతకాలమునకు తన చెవిలోనిదానిని మఱియొక మనుష్యుడు వినెను. అతడు మఱల హెడ్‌ఫోన్లనామెకు పెట్టి యా స్వరమునే ఒక్క నిమిషముపాటు వినిపించి తటాలున నాపివేసెను. అప్పుడొక వింత జరిగెను. బయటి స్వరముతోపాటు లోపలి స్వరమును ఆగిపోయెను. కిటికీమీద పిచ్చుక గోళ్ళు గీరిన సవ్వడి. ఎక్కడనో ఎస్తేరమ్మ చీపురు. తన యూపిరి. మూడు మాసములలో మొదటిమారు వారిజాక్షికి నిశ్శబ్దము లభించెను. అలసిన చెవిని అట్టి స్వరముతో నింపి విడిచినచో మ్రోత కొన్ని క్షణములు మఱచిపోవుట కద్దని ఆమె యెచ్చటనో చదివియుండెను గాని చదివినది వేఱు పొందినది వేఱు. కొన్ని యూపిరులు గడచునంతలో సన్నని తీగ మరల సాగినది. ఆమె రెండుచేతులతో ముఖమును కప్పుకొని యేడ్చెను. జెకర్యా కీబోర్డుపై గుడ్డను మడతపెట్టుచు విప్పుచు మఱల మడతపెట్టుచు ఆమె యేడ్పు ముగియువఱకు నచ్చటనే యుండెను.

ఆనాటినుండి చెవి జెకర్యాది. సంస్థవారికి నిజము చెప్పి గడువడిగి 'సమ్మెట'ను మొదటినుండి సరిచేసిరి. అతడు తగ్గించిన ప్రతిస్వరమును ఆమె నమ్మవలెను. ఆమెకది యెంత దుర్భరమో యతడెఱుగును. వెనుకనిలిచి వేళ్ళు విఱుచుకొనుచు చాలును చాలును అని యనబోయి మ్రింగుకొనుచు గదియంతయు తిరుగుచుండెడిది. తాళమును మాత్రము అతడామెకే విడిచెను. మంద్రధ్వని స్పీకరుపై నుంచిన యరచేతికి తెలియును గదా.

కడపట నొక వివాదము మిగిలెను. తన చెవిలోని యా స్వరమును 'ఆవిరి' చివరి పాటలో చేర్పవలెనని వారిజాక్షి పట్టుపట్టెను. జెకర్యా ఒప్పుకొనలేదు.

"నీ బాధ తీసుకెళ్ళి ఇనేవాళ్ళ చెవుల్లో పోద్దామంటావేటి?"

"బాధ కాదు. అది ఆగినప్పుడు వచ్చిందే, అది ఇద్దామంటన్నాను."

అతడు రెండుదినములు రాలేదు. మూడవనాడు వచ్చి యంత్రముల యెదుట కూర్చుండి మంచువంటి స్వరములక్రింద నున్నదో లేదో యన్నంత సన్నగా నా నాదమును పఱచెను. పాట పొడవునను అది యుండి కడపట తటాలున నాగును. వినువారికి తాము దానిని వినుచున్నట్లే తెలియదు.

భాద్రపదమున వానలు వెలిసిన యొక సాయంకాలము సముద్రతీరమునందలి యొక చిన్న సభామందిరమున మూడు ఆల్బములును ప్రజల కెదుట వినిపింపబడెను. 'సమ్మెట'కు యువజనులు నేల యదరునట్లు ఆడిరి. 'గతుకు'కు ఆడలేక ఆడుచు నవ్విరి. వైద్యురాలి యానతి మేరకు వారిజాక్షి యా రెండింటిసేపును బయట నిలిచి చెవులకు దూది పెట్టుకొని ఇసుకలో నటునిటు తిరుగుచు తన సంగీతమును తలుపుసందులలోని కాంతి యదరుపాటుగా మాత్రము చూచెను. 'ఆవిరి' మొదలైనపిదప లోనికేగి, కొడుకు కొఱకు వచ్చి మొదటినుండియు చెవులలో వ్రేళ్ళుంచుకొని కూర్చున్న ఎస్తేరమ్మ ప్రక్కన చేరెను. ఎస్తేరమ్మ వ్రేళ్ళు తీసివేసియుండెను.

చివరి పాట సాగినది. ఒక్కొక్క స్వరమే కరగిపోయెను. కడపట నేమి మిగిలెనో ఎప్పుడాగెనో వారిజాక్షికి తెలియదు. ఆమె చెవిలో నది యాగలేదు. కాని యెదుటనున్న ముఖములు ఒక్కసారిగా మాఱినవి. ఎవరో చేతనున్న గ్లాసును నోటియొద్దకు తీసికొనిపోవుచు మధ్యలో నిలిపివేసిరి. ఒక యువతి తల పైకెత్తి ఎవరో పిలిచినట్లు చుట్టును చూచెను. ఎవ్వరును చప్పట్లు కొట్టలేదు. ఎస్తేరమ్మ వారిజాక్షి మోచేతిపై చేయి వేసి మెల్లగా పలికెను.

"సముద్రం ఇనబడతందమ్మా. ఇందాకట్నుంచీ ఉందేటి ఇది?"

"ఉంది పిన్నమ్మా," అని వారిజాక్షి చెప్పెను.

తనకు దక్కని ప్రశాంతిని మనుష్యుడు తన చేతులతో చేసి పరులకీయగలడు. ఇచ్చినంతమాత్రమున నది తనకు వచ్చునని యెవ్వరును పూచీపడలేదు. అయినను ఆ మందిరములోని వారందఱును ఆ క్షణమున వినుచున్నదానిని వారిజాక్షి వారి ముఖములయందు ఒక్కొక్కరినిగా చూచుచు చప్పట్లు మొదలగువఱకు కదలక కూర్చుండెను.