తొమ్మిది షీట్లు ఎక్కువ

రోజూ పొద్దున్నే టీ తాగి, నాన్న పెన్సిల్ చెవి సందున పెట్టుకుని, టేపు నడుముకి తగిలించుకుని పనికి బయల్దేరేది ఆ వడ్రంగి పిల్ల. ఊళ్లో అందరికీ ఆమె కొలతలమ్మాయి. నాన్న పోయి మూడేళ్లయినా ఆ పెన్సిల్ ఇంకా ఆయన రాతే రాసేది. ఆమె లెక్క కట్టగానే వేళ్ల మధ్య దానంతటదే కదిలి, కింద ఆయన లెక్క వేసేది. కప్పు పని పూర్తయి లెక్క సరిపోయాక అంకె కింద రెండు గీతలు గీసేది. ఆయన బతికున్నప్పుడూ అలాగే గీసేవాడు.

"మీ నాన్నేమన్నాడమ్మా?" అని జనం అడిగేవాళ్లు, ఆయన పక్కనే ఉన్నట్టు.

ఆ రోజు టైలరక్క ఇంటికి కొత్త కప్పు. రేకుల కింద ప్లైవుడ్ పరవాలి. కొలతలమ్మాయి మనసు మాత్రం పని మీద లేదు. రంపం చప్పుడు పడలేక ఇంటి ఓనరు నెలాఖరుకి అద్దె గది ఖాళీ చెయ్యమన్నాడు. వడ్రంగి పని అంటే ఎవరూ గది ఇవ్వట్లేదు. అమ్మ అప్పుడే గిన్నెలు మూట కట్టేసింది.

నిచ్చెనెక్కి వాలు మీద టేపు పరిచింది. నేల మీద కొలిస్తే షీట్లు చాలవని నాన్న పోరేవాడు. పొడవు ముప్పై అడుగులు, వాలు పన్నెండు, రెండు వైపులా. తరుగుకి పదో వంతు కలిపితే ఎనిమిది బై నాలుగు అడుగుల షీట్లు ఇరవై అయిదు.

పెన్సిల్ కదిలింది. ముప్పై నాలుగు.

"అరిగీ అరిగీ దీనికి మతి పోయినట్టుంది అక్కా."

"ఆయనకా? ఈ ఇంటి పాత కప్పు ఆయన వేసిందేనే. నేను గౌన్లేసుకునే రోజులు. చెక్కపొట్టు జేబుల నిండా కుక్కుకుంటే, పక్షి గూడు కడతావా అని నవ్వాడు. ముప్పై నాలుగే తెప్పించు."

కప్పు పూర్తయింది. తొమ్మిది షీట్లు మిగిలి, ఆ ఇంటి పక్క గోడకే ఏటవాలుగా ఆని నిలబడ్డాయి. ముప్పై నాలుగు కింద గీతలు మాత్రం పడలేదు.

మధ్యాహ్నం అమ్మ క్యారేజీ తెచ్చి, ఎండకి ఆ షీట్ల కింద దూరింది.

"అక్కడ కూర్చున్నావేంటమ్మా?"

"ఇక్కడ మీ నాన్న చొక్కా వాసనొస్తోందే."

లోపల మిషను ఆగింది. టైలరక్క కిటికీలోంచి తల పెట్టింది.

"పిన్నీ, కాళ్లు చాపుకోడానికి చోటుందా?"

"ఇద్దరం హాయిగా పడుకోవచ్చు."

"అయితే మూటలు ఇక్కడికే తెచ్చేయండి. ఒక గోడ నాది ఉండనే ఉంది. మిగతా మూడూ లేపుకుంటే గదే కదా."

"రంపం చప్పుడు అక్కా..." అంది కొలతలమ్మాయి, తలెత్తకుండా.

"నా మిషను చప్పుడు నువ్వు పడు, నీ రంపం నేను పడతా. సరికి సరి."

మూడు వారాల్లో గోడలు లేచాయి. గది కప్పు మీద తొమ్మిదో షీటుకి ఆఖరి మేకు దిగింది. అరచేతి వెడల్పు ముక్క కూడా మిగల్లేదు. ఊరందరి కప్పులకీ లెక్క కట్టి, అద్దె గదిలోనే పోయిన మనిషి ఆయన.

కొలతలమ్మాయి పాత కాగితం తీసింది. పెన్సిల్ మెల్లగా కదిలి, ముప్పై నాలుగు కింద ఒక గీత గీసింది. రెండోది చివరిదాకా గీసేసరికి పెన్సిల్ లోపలి ముల్లు మొత్తం అయిపోయింది.